పరగడుపున అరగంట

"ఈ మందు ఎవరు చేశారు?"

కౌంటర్ మీద సీసా ఠపీమని పెట్టి అడిగాడతను. జుసారా తలెత్తి చూసింది. కాఫీ ఓడలకెక్కే రేవు పట్నం సాంతోస్‌లో, మూడో కాలువ పక్కనున్న ఆ షాపులో డాక్టరు చీటీ చూసి, ఎవరి మందు వాళ్ళకి అక్కడే తయారుచేసి ఇస్తారు. చేసినవాళ్ళ పేరు సీసా మీద ఉంటుంది.

"లేబుల్ మీద ఉందిగా, జుసారా అని. నేనే."

"సగం సీసా అయిపోయింది. కడుపులో మంట ఇసుమంత కూడా తగ్గలేదు. నెలలో పుండు మానకపోతే కాఫీ జోలికి వెళ్ళొద్దన్నారు డాక్టరు."

"మానేస్తే కొంపలేం మునగవు."

"నా కొంప మునుగుతుంది. కాఫీ రుచి చూసి చెప్పడమే నా ఉద్యోగం. నాకు వేరే విద్య రాదు."

అతని పేరు కసియానో. రేవు దగ్గర కాఫీ కంపెనీలో బల్ల చుట్టూ పేర్చిన గిన్నెల్లోంచి చెంచాతో జుర్రున పీల్చి, నోరంతా తిప్పి, ఉమ్మేసి, ఏ తోట గింజో, ఎక్కడ వానకి తడిసిందో చెప్పేస్తాడు. ఊళ్ళో అలాంటివాళ్ళకి ఉన్న మర్యాద జుసారాకి తెలుసు. అయినా కోపం కోపమే. ఆమె చేతి మందు పనిచేయలేదని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

"గొడవేంటమ్మా?" లోపల్నుంచి షాపు యజమానురాలు దోనా ఇవోనీ కేకేసింది.

"ఏం లేదండీ. ఈయనకి కడుపు మండితే తప్పు నాదంట."

"మందు మీద మాటొస్తే ముందు మందుని అడుగు, తర్వాత మనిషిని. ల్యాబులోకి తీసుకురా."

అప్పుడే కొండల మీద నుంచి వాన దిగింది. గొడుగు లేక బయటికి పోలేని కసియానోకి కూడా లోపలికి రాక తప్పలేదు.

జుసారా సీసాలోంచి ఒక క్యాప్సూల్ తీసి విప్పింది. లోపల ఆవగింజలంత తెల్లని గుళికలు. వాటిని గాజు పాత్రలోని పుల్లటి నీళ్ళలో పోసి చెంచాతో కలపసాగింది.

"మీ కడుపులో పులుపు ఇలా ఉంటుంది. చూడండి, కరుగుతున్నాయా?"

"లేదు."

"కరగవు. ఈ మందుకి పులుపు తగిలితే చచ్చిపోతుంది. అందుకే గుళిక గుళికకీ పూత ఉంటుంది. కడుపు దాటి పేగులోకి వెళ్ళాకే ఆ పూత విడుతుంది."

కసియానో పాత్ర మీదకి వంగిపోయాడు. పోట్లాటకి వచ్చిన సంగతే మరిచిపోయినట్టున్నాడు. వాన చినుకులు అతని కనురెప్పల మీద ఇంకా ఉన్నాయి. జుసారా వాటిని ఒకసారి చూసి, ఎందుకు చూశానా అనుకుని, మళ్ళీ పాత్రకేసి తిరిగింది. చాలాసేపు గడిచినా గుళికలు చెక్కుచెదరలేదు.

"పూత మంచిదేనండీ," అన్నాడతను. "నాలిక మీద పెడితే అసలు రుచే ఉండదు. కొరికితేనే చేదు. చివర్లో తడిసిన చెక్క వాసన కూడా."

జుసారా చేతిలో చెంచా ఆగిపోయింది. "కొరికితేనా?"

"రుచి చూడకుండా ఎలా మింగుతాం?"

"విప్పి, కొరికి, నోట్లో తిప్పి, ఉమ్మేశారా?"

"అన్నీ కాదు." కసియానో గొంతు తగ్గింది. "కొన్ని మింగాను."

దోనా ఇవోనీ గోడకేసి తిరిగి నవ్వింది. జుసారాకి నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. "సగం గుళికలు ఉమ్మి గిన్నెలోకి పోయాయి, పూత పగిలిన మిగతావి కడుపు పులుపులో చచ్చాయి. నా మందు ఏం చేస్తుందండీ?"

"అలవాటండీ. నోట్లో ఏది పడ్డా చెయ్యి దానంతటదే ఉమ్మి గిన్నె కోసం వెతుకుతుంది."

"అయితే రేపట్నుంచి రోజూ పొద్దున్నే పరగడుపున ఇక్కడికి రండి, షాపు మూసే ఆదివారానికి ఒకటి చేతికిస్తాను. నా కళ్ళముందే మింగాలి. మింగాక అరగంట ఏమీ తినకూడదు."

మర్నాడు వచ్చాడు. మొదటి క్యాప్సూల్ దిగడానికి మూడు గ్లాసుల నీళ్ళు పట్టాయి. మిగిలిన అరగంట ఏం చెయ్యాలో తెలియక ల్యాబంతా కలియచూశాడు.

"ఈ అచ్చుల్లో పోసేదేంటి? చాక్లెట్ వాసనొస్తోంది."

"కోకో వెన్న. ఒంటి వేడికి కరుగుతుంది కదా, అందుకని."

వేలు పెట్టి నాకబోయాడు.

"ఆగండి. అవి ఎటునుంచి పెట్టుకునేవో తెలిస్తే మీకు రుచి చూడబుద్ధి కాదు."

అతను చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుని చెవులదాకా ఎర్రబడ్డాడు. జుసారా ఆ రోజంతా తలుచుకుని నవ్వుకుంది.

అలా పొద్దున్నలు గడిచాయి. సిరప్ పిల్లల నోటికి తియ్యగా ఎలా తయారవుతుందో, లేపనంలో నూనే నీళ్ళూ కొట్టుకోకుండా ఎలా కలుస్తాయో అతను అడిగేవాడు. కాఫీలో మల్లెపువ్వు వాసన ఎక్కడనుంచి వస్తుందో ఆమె అడిగేది. అరగంట చాలేది కాదు. బేకరీ నుంచి వేడి కరా దుంప రొట్టె వాసన వస్తే ఇద్దరి కడుపులూ ఒకేసారి గుర్రుమనేవి. అతనితో పాటు తానూ తినకుండా కూర్చోవడం ఎప్పుడు మొదలైందో జుసారాకే తెలియదు.

నెల నిండిన శనివారం కసియానో పరుగున వచ్చాడు.

"పుండు మానిపోయింది. కాఫీ నాదే. డాక్టరు మీ పేరు రాసుకున్నారు."

జుసారాకి పట్టరాని సంతోషం కలిగింది. ఆ వెంటనే బల్ల మీది గుడ్డ అందుకుంది. మందు ఎంత బాగా పనిచేస్తే ఇతను అంత త్వరగా వెళ్ళిపోతాడని ఆమెకి ముందే తెలుసు.

"ఇక రానక్కర్లేదు," అంది, బల్ల తుడుస్తూ.

అతను కదల్లేదు. "ఒకటి చెప్పాలి. మొదటి వారంలోనే మింగడం వచ్చేసింది నాకు. ఇంట్లోనే వేసుకోగలిగేవాణ్ణి. చెప్పలేదు."

"తెలుసు," అంది జుసారా. "ఒక్క గుక్కతో మింగేశారు ఆ రోజు. సీసా ఇచ్చి ఇంటికి పంపేయాల్సింది. నేనూ పంపలేదు."

"ఎందుకు?"

"నువ్వు రాని పొద్దున్న నాకు బాగోదని." అనేసి, నాలిక కరుచుకుంది.

కసియానో ముఖంలో వెలుగొచ్చింది. "నాకు నువ్వంటే ఇష్టం జుసారా. చాలా రోజుల్నుంచి."

ల్యాబులోంచి దోనా ఇవోనీ గొంతు వినిపించింది. "పిల్లలూ, కడుపు మానిందిగా, ఇంకా ఈ ఉపవాసాలేంటి? పోయి తినిరండి. షాపు నేను చూసుకుంటా."

జుసారా తెల్లకోటు విప్పి మేకుకి తగిలించింది. గుమ్మం దగ్గర అతను అడిగాడు. "రేపు పొద్దున్న?"

"రేపు ఆదివారం. షాపు మూసేస్తాం."

"అందుకే అడుగుతున్నాను."