ఎవరని అడగొద్దు

సినిమాలకు చప్పుళ్ళు చెయ్యడం ఆమె బతుకుతెరువు. తెర మీద నాయిక నడిస్తే ఆ అడుగులు ఈమెవే. విలన్ మెడ విరిగితే అది ఈమె చేతిలో ముల్లంగి. ఎడమది కిర్రుమనే పాత చెప్పుల జతే ఆమెకు అన్నం పెడుతుంది. అందరూ ఆమెను చప్పుళ్ళమ్మాయి అంటారు. పని నేర్పింది బాబాయి. అద్దం అవతల రికార్డింగ్ మిషన్ దగ్గర కూర్చునేది పిన్ని.

ఆ మధ్యాహ్నం కూలీలు స్టూడియోలోకి ఒక ఇనప పెట్టె మోసుకొచ్చారు. చూడగానే పిన్ని ముఖం పాలిపోయింది. అది ఒక పాత సినిమాలోది. అంతరిక్షంలో ఒంటరి ఆడమనిషి, ఆమె పడుకోడానికి మాత్రమే చాలే పెట్టె, బయటి నుంచి ఎవరో మూత కొట్టడం. కొట్టిందెవరో చివరిదాకా చెప్పరు. అదే దాని గొప్ప. జనం చెమటలు కక్కుకుంటూ చూశారు.

ఇప్పుడో కొత్త దర్శకుడు దానికి ముందుకథ తీస్తున్నాడు. కొట్టిందెవరో చెబుతాడట. ఎవరడిగారు బాబూ నిన్ను?

"కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే," అంది చప్పుళ్ళమ్మాయి అతని ముఖం మీదే.

"ఎలుక కాదండీ. దానికో చిన్నతనం కూడా రాశాం," అన్నాడతను గర్వంగా.

నవ్వొచ్చేదే, బాబాయి గుర్తుకు రాకపోతే. ఆ మొదటి సినిమాకు ఊపిరి చప్పుడు కోసం ఈ పెట్టెలోనే పడుకున్నాడు బాబాయి. గడియ బయటే ఉంటుంది కాబట్టి వాళ్ళ పనిలో ఒక పద్ధతి ఉంది. బయటివాళ్ళు మధ్యమధ్య ఒకసారి కొడతారు, లోపలివాళ్ళు రెండుసార్లు బదులు కొడతారు, బాగానే ఉన్నాననడానికి. ఆ రోజు టక్ మంది. బాబాయి అలవాటుగా టక్ టక్ మనిపించాడు. పిన్ని మాత్రం మిషన్ దగ్గర్నుంచి లేవనే లేదు. మూత తీసేసరికి బాబాయి నోరు కదులుతోంది, మాట లేదు. గొంతు భేషుగ్గా ఉందన్నారు డాక్టర్లు. మరి మాటేది? అప్పట్నుంచీ ఆ ఇంట్లో బాబాయి కేక లేదు, నవ్వు లేదు. ఏం జరిగిందో రాయమంటే వేళ్ళలోంచి పెన్ను జారిపోయేది.

ఆ గొంతు ఈ పెట్టెలోనే చిక్కుకుందని నమ్మి, దాని కోసమే ఆమె ఈ పని ఒప్పుకుంది. లేకపోతే ఈ దిక్కుమాలిన ముందుకథ ఎవడిక్కావాలి! పొద్దున బయల్దేరుతుంటే బాబాయి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. పిడికిలి చూపించి, వద్దని తల ఊపాడు. తర్వాత పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. బదులు కొట్టొద్దంటున్నాడు, తన మాట ఎలా పోయిందో గుర్తు చేస్తున్నాడు. ఆ మాత్రం ఆమెకు తెలుసు.

"తెస్తాను బాబాయ్," అంది. "నీ గొంతు ఎవడబ్బ సొమ్మని దాచుకుంటాడు?"

ఇప్పుడు కొత్త సినిమాకు ఊపిరి చప్పుడు కోసం ఆమె చెప్పులతోనే పెట్టెలో పడుకుంది.

"ఇవాళ నేను కొట్టనే కొట్టను," అంది పిన్ని మూత వేస్తూ. "టక్ మంటే అది నేను కాదు."

గడియ పడింది.

చీకటి. తుప్పు వాసన. దాని కింద ఎవరిదో పాత చెమట వాసన. మోకాళ్ళు మడవడానికి లేదు. ముక్కుకూ మూతకూ మధ్య జానెడు చోటు లేదు. వదిలిన ఊపిరి మూతకు తగిలి మళ్ళీ ముఖం మీదికే వెచ్చగా వస్తోంది. కాసేపటికి చెవులు ఆ ఇరుకుకు అలవాటు పడ్డాయి. అనుమానమొచ్చి ఆమె ఊపిరి బిగబట్టింది.

ఊపిరి చప్పుడు ఆగలేదు...

టక్.

చెవి పక్కనే. చెయ్యి దానంతటదే లేచింది. ఏళ్ళ అలవాటు మరి. వేళ్ళు ఇనుముకు తగలబోయాయి... పిడికిలి నోట్లో కుక్కుకుని పళ్ళతో కొరికింది.

టక్... టక్...

"బుజ్జీ..."

బాబాయి గొంతు! ఎన్నేళ్ళయింది ఆ పిలుపు విని! ఏడుపు తన్నుకొచ్చింది.

"బుజ్జీ... ఎవరని అడగవే... ఒక్కసారి అడుగు..."

అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అంతలోనే ఒళ్ళు మండింది. బాబాయి గొంతుతో తననే బతిమాలుతుందా!

"అడగను!" అంది. "నువ్వెవరైతే నాకేంటి? అడిగించుకోడానికేగా ఈ వేషాలన్నీ? మా బాబాయి గొంతు కక్కి నీ దారిన నువ్వు పో!"

తర్వాత ఎవరో తృప్తిగా నిట్టూర్చారు.

గడియ లాగిన చప్పుడు. వెలుతురు. పిన్ని ఆమెను బయటికి లాగి పక్కనే ఉన్న కుర్చీలో కూలేసింది.

"బదులు కొట్టావా?"

"చచ్చినా కొట్టలేదు."

దర్శకుడు పరుగెత్తుకొచ్చాడు. "ఊపిరి మధ్యలో ఆ టక్‌టక్ అద్భుతమండీ! ఎలా చేశారు?"

"నేను చెయ్యలేదు. ఆ పెట్టె జోలికి పోకండి."

"కొట్టిందెవరో చెప్పడానికేగా మనం సినిమా తీస్తోంది," అని నవ్వుతూ అతను మూత వేశాడు. గడియ పెట్టి వేలితో రెండుసార్లు కొట్టాడు. "ఎవరండీ లోపల?"

అంతే. అతని పెదాలు ఇంకా కదులుతున్నాయి. మాట మాత్రం పెట్టెలోంచి వస్తోంది. "మూత తియ్యండి... మూత..."

పిన్ని ఫోను మోగింది. ఇంటి నుంచి.

"ఏమేవ్," అంది బొంగురు గొంతు. "మాటొచ్చిందే నాకు... పిల్లెలా ఉంది?"

పిన్ని ఏడుస్తూనే నవ్వింది. "బంగారం మన పిల్ల! బదులు కొట్టలేదయ్యా!"

"నోరు విప్పిందా? విప్పొద్దని పెదాల మీద వేలు పెట్టి మరీ చెప్పానే..."

చప్పుళ్ళమ్మాయికి ఆ మాట వినపడింది. లేచి పెట్టె వైపు విసవిసా నడిచింది. దర్శకుడు పనికిమాలినవాడే, అయినా గొంతు గొంతే కదా.

"పిల్లా..." అంది పిన్ని గుసగుసగా. "నీ అడుగులు..."

ఆమె ఆగింది. చెప్పుకాలు చెక్క నేలకేసి కొట్టింది. మళ్ళీ కొట్టింది, బలంగా. మడమ నొప్పి పుట్టింది. చప్పుడు పుట్టలేదు.

భయం వేసింది. అంతకు రెట్టింపు కోపం వచ్చింది.

"నావి నాకియ్యి," అంటూ గడియ లాగి మూత ఎత్తింది.

పెట్టె ఖాళీ. దర్శకుడి గొంతు కూడా లేదు. లోపల మాత్రం చెప్పుల చప్పుడు. ఎడమది కిర్రుమంటూ... తాపీగా... దూరంగా, ఇంకా దూరంగా వెళ్తోంది. నీ దారిన పొమ్మంది తనే, పోడానికి అది తన అడుగులే తీసుకుంది.

"ఎంత దూరం పోతావో చూస్తా," అని ఆమె చీర బిగించి, ఒక కాలు లోపల పెట్టింది.

కాలికి ఇనుము తగల్లేదు...