సాయికిరణ్ బోర్డు తుడిచిన పిల్ల

"ఈ బోర్డు ఎవరు తుడిచిన్రు?"

టీమ్ లీడర్ సాయికిరణ్ అరుపుకు సిద్దిపేట సాఫ్ట్‌వేర్ ఆఫీసంతా తలెత్తింది. డస్టర్ పట్టుకున్న పిల్ల మాత్రం తొణకలేదు. ఆమె పేరు ఎస్తేర్. ఆ ఉదయమే ఉద్యోగంలో చేరింది.

"నేనే సార్. పాత గీతలనుకున్న."

"పాత గీతలా! మూడు వారాల కష్టం గది!"

బస్ టికెట్లు అమ్మే పెద్ద వెబ్‌సైట్ డేటాబేస్‌ను కొత్త సర్వర్లకు మార్చాలి. అందులోని ఏ టేబుల్, అంటే ఏ సమాచార పట్టిక ముందు కదలాలి, ఏది తరువాత అన్నదే ఆ బోర్డు మీది ప్లాన్. వరుస తప్పితే టికెట్లుంటాయి, కొన్నవాళ్ల పేర్లుండవు. శుక్రవారానికి క్లయింట్లకు ప్లాన్ చూపించకపోతే పని హైదరాబాద్ ఆఫీసుకు పోతుంది, టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లు కూడా దాని వెంటే. పక్కనే కొండపాకలోని ఇంటినుంచే వచ్చిపోవచ్చని హాస్టల్ వదిలి వచ్చిన ఎస్తేర్ మళ్లీ పెట్టె సర్దుకోవాల్సిందే.

"చేత్తో గీసుడెందుకు సార్? ఏ టేబుల్‌కు ఏది కావాల్నో డేటాబేస్‌లనే ఉంటది. చదివి వరుస చెప్పే ప్రోగ్రాం రాస్త."

"రాయి, చూస్త!"

గొంతులో కోపమే. కళ్లు మాత్రం ఆమె మీంచి కదలడం లేదు.

బుధవారం ప్రోగ్రాం నిమిషాల్లో వరుస చెప్పేసింది. ఎస్తేర్ గర్వంగా కుర్చీలో గిర్రున తిరిగింది.

"టికెట్ క్యాన్సిలైతే పైసలు వాపస్ ఇచ్చే టేబుల్ దేని తర్వాత పోవాలె? గా లంకె డేటాబేస్‌ల లేదు, కోడ్‌ల దాగున్నది," అన్నాడు సాయికిరణ్.

"మీకెట్ల ఎరుక?"

"మూడు వారాలు అందర్నీ అడిగిన గద!"

"అట్లయితే పక్కన కూసోని చెప్పున్రి సార్."

అతను చెప్పాడు, ఆమె ప్రోగ్రాంకు నేర్పింది. మోచేతులు తగిలాయి. ఇద్దరిలో ఎవరూ జరగలేదు.

శుక్రవారం క్లయింట్ల ముందు నకలు డేటాతో ట్రయల్ వేశారు. ఒక్క టికెట్ కూడా తప్పిపోలేదు. మేనేజర్ ప్రభాకర్ కుర్చీ ఎక్కి ఈల వేశాడు.

"పని మనదే! మిగిలిన సైట్లకు గూడ గిట్లనే ప్లాన్ చెయ్యమంటున్నరు!"

బయట వాన దంచుతోంది. ఆఫీసు మెట్ల మీద సాయికిరణ్ ఉన్న ధైర్యమంతా కూడగట్టుకున్నాడు.

"పని పోతదని కాదు ఎస్తేర్, నువ్వు పోతవని భయపడ్డ. నువ్వంటే శానా ఇష్టం."

"నాక్కూడ. ఆదివారం చర్చి అయినంక ఇంటికి రా. బాపును అడుగు."

"ఒప్పుకోకుంటే?"

"ఒప్పుకునేదాక ఆడ్నే కూసో!"

ఆదివారం ఎస్తేర్ బాపు ఇశ్రాయేలు అడిగింది ఒక్కటే.

"పెండ్లైనంక నా బిడ్డను ఏ ఊరు తీస్కపోతవ్?"

"యాడికీ పోం మామా! సిద్దిపేటల్నే ఉంటం."

తొందరలో 'మామా' అనేశాడు. నాలుక కరుచుకున్నాడు. ఇశ్రాయేలు వంటింటి వైపు తిరిగాడు.

"ఎస్తేరూ, అల్లునికి అన్నం పెట్టు బిడ్డా."