అరిస్తే బిడ్డ పైకెక్కుతుందట!

“అత్తయ్యా...!” అని కేకపెట్టబోయి కోడలు నోట్లో చీరకొంగు కుక్కుకుంది. అమ్మో, అరవకూడదు! అరిస్తే బిడ్డ పైకెక్కిపోతుందట! నెల తప్పిన నాటి నుంచీ అత్తయ్య చెవినిల్లు కట్టుకుని చెబుతూనే ఉంది కదా! నడుములో పుట్టిన నొప్పి కడుపంతా చుట్టుకుని ప్రాణం తోడేస్తోంది. ముందుగదిలో అత్తయ్య కుట్టుమిషన్ టకటకా ఆడుతోంది. స్కూలు యూనిఫారాలు సాయంత్రానికల్లా ఇచ్చేయాలి. ఆ మోతలో ఈ పిల్ల మూలుగు ఎవరికి వినబడుతుంది?

మిషన్ ఆపి అత్తయ్య తొంగిచూసింది. “ఎలా ఉందే తల్లీ?”

“ఫరవాలేదత్తయ్యా...”

“అయితే ఇంకా చాలా టైముంది. తొలికాన్పు ఒక పగలూ ఒక రాత్రీ పట్టందే తెమలదు. ఉమ్మనీరైనా పోలేదు. ఇప్పుడే ఆసుపత్రికి పోతే కోత పెట్టేస్తారు!”

చూశారా చోద్యం! అరవొద్దన్నదీ ఆవిడే, అరుపు వినబడలేదు గనక నొప్పులు ముదరలేదని తేల్చిందీ ఆవిడే! అలాగని గయ్యాళి కాదు. కోడలిని కడుపులో పెట్టుకుని చూసుకునే మనిషి. అందుకే కోడలు ఎదురుచెప్పలేకపోయింది. ఇంకా రాత్రంతా ఇలాగేనా? అంతదాకా తను బతికుంటుందా? తనకేమైనా ఫరవాలేదు, బిడ్డ...! కొంగు ఇంకా గట్టిగా కరిచింది.

ఉన్నట్టుండి కాళ్ళ మధ్య వెచ్చగా నీళ్ళు జారాయి. వాటి వెనకే ఆపుకోలేని ఒత్తిడి. గోడ పట్టుకుని పాకినట్టు ముందుగదికి వచ్చింది.

“అత్తయ్యా... కిందికి తోసుకొచ్చేస్తోంది...”

అత్తయ్య చేతిలోని కత్తెర కింద పడింది. “అయ్యో నా తల్లీ! ఇంత ముదిరేదాకా ఒక్క కేకైనా వేయలేదేమే?”

“మీరే... అరవొద్దన్నారు కదా...”

ఆవిడ పక్కింటికి పరిగెత్తింది. పక్కింటాయన కారు తీశాడు. దారంతా ఆవిడ కోడలి చేయి వదలలేదు. “దీన్నీ నేనే చంపుకుంటానా దేవుడా!” అని గొణుగుతూనే ఉంది. దీన్నీ ఏమిటి? కోడలికి అర్థం కాలేదు. అడిగే ఓపికా లేదు.

ఆసుపత్రి బల్ల మీద పడుకోబెట్టగానే డాక్టరమ్మ అదిరిపడింది. “తల కనబడుతోంది! ఎందుకమ్మా నోట్లో ఆ గుడ్డ? తీసెయ్యి! అరవాలనిపిస్తే అరిచెయ్యి!”

కోడలు అరిచింది. గోడలు దద్దరిల్లేలా అరిచింది. బిడ్డ పైకెక్కలేదు, డాక్టరమ్మ చేతుల్లోకి జారింది. కానీ ఏడవదేం! డాక్టరమ్మ వీపు రుద్దుతోంది, నోరు తుడుస్తోంది... ఆఖరికి సన్నగా ఒక కేరుమన్న ఏడుపు!

“ఆడపిల్ల. గట్టిదే. ఇంకాస్త ఆలస్యమైతే కారులోనే పుట్టేది,” అని డాక్టరమ్మ మందలించింది.

అత్తయ్య తలుపు దగ్గరే నిలబడిపోయింది. మనవరాలిని చూడకుండా డాక్టరమ్మనే చూస్తోంది.

“అమ్మా... అరిస్తే బిడ్డ పైకెక్కి ఊపిరాడక పోతుందంటారు... అబద్ధమా?”

“అరుపుకీ బిడ్డకీ ఏమిటమ్మా సంబంధం? ఎవరు చెప్పారు?”

“మా అత్తగారు. నా తొలిబిడ్డ పుడుతూనే పోయింది. ‘నువ్వు అరిచి చంపుకున్నావు, ఇక ఏడ్చే హక్కు కూడా నీకు లేదు’ అందావిడ... నేను ఏడవలేదమ్మా. ఇన్నేళ్ళూ దానికోసం ఒక్కసారైనా ఏడవలేదు...”

కోడలికి కళ్ళు మసకబారాయి. ఇంతకాలం ఈవిడ అరవొద్దు, అరవొద్దని బతిమాలింది ఇందుకా! చేయి చాపి అత్తయ్యను దగ్గరికి లాక్కుంది.

“మీరు చంపలేదత్తయ్యా! విన్నారుగా... ఏడవండి. గట్టిగా ఏడవండి!”

ఆ మాటతో అత్తయ్య ఆ బల్ల అంచు మీద వాలిపోయి, చచ్చిపోయిన ఆ పసిగుడ్డు కోసం గొల్లుమంది.