గడ్డకట్టని ఐస్‌క్రీం

ఆ మనిషి చచ్చిపోయినప్పుడు బ్యాండు ఆగలేదు.

1948, మే నెల. హైదరాబాదు నగరానికి ఆ వేసవిలో పార్టీల పిచ్చి పట్టింది. సరిహద్దుల్లో యూనియన్ సైన్యం కాచుకొని ఉంది. పల్లెల్లో సంఘం వాళ్ళకీ రజాకార్లకీ మధ్య తుపాకులు మోగుతున్నాయి. నగరానికి మాత్రం సోమవారం టీ పార్టీ, బుధవారం హుస్సేన్‌సాగర్‌లో బోటు షికారు, శుక్రవారం ఎవరో ఒక నవాబుగారి తోటలో గార్డెన్ పార్టీ. అదేం ఖర్మో గానీ, దినాలు దగ్గరపడే కొద్దీ సరదాలు ఎక్కువయ్యాయి.

అలాంటి ఒక శుక్రవారం క్లారినెట్ వాయించే సంజీవ, పాటకీ పాటకీ మధ్య షర్బత్ తాగాడు. రెండే గుక్కలు. క్లారినెట్ చేజారింది. మనిషి గులాబీ మొక్కల మీదికి ఒరిగిపోయాడు.

"ఎండదెబ్బ!" అన్నారెవరో. ఇద్దరు నౌకర్లు ఎత్తుకుపోయారు. బ్యాండు మాస్టరు ఇంకో పాట అందుకున్నాడు.

అయిదడుగుల దూరంలో ఐస్‌క్రీం మిషను తిప్పుతున్న మత్తయికి తెలుసు, అది ఎండదెబ్బ కాదని. సంజీవ తనలాగే యూనియన్ రహస్య శాఖ ఏజెంటని తెలుసు. ఆ గ్లాసు అందించిన చెయ్యి కూడా చూశాడు. నీలం చీర, చేతికి ముత్యాల గొలుసు: లైలా ఫెర్నాండ్, ఆ సీజన్‌లో నగరమంతా వెంటపడుతున్న అందగత్తె. తెలిసి ఏం లాభం? కదిలితే కవర్ పోతుంది. మత్తయి తిప్పుతూనే ఉన్నాడు. ఆ రోజు ఐస్‌క్రీం బాగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు.

మర్నాడు ఆబిడ్స్‌లో ఒక దర్జీ దుకాణం వెనక గది. మత్తయి పై అధికారి అమరేందర్, టేపుతో అతని భుజాలు కొలుస్తూ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"సంజీవ ఏదైనా చెప్పిండా?"

"లేదు సార్. టైమ్ దొరకలే."

"కెప్టెన్ వాల్డెన్. విదేశీ ఆయుధాల దళారి. ముఠా మొత్తం వాని కిందనే. ఆదివారం వాడు పెద్ద పిక్నిక్ ఇస్తున్నడు. చెయ్యి ఎత్తు."

మత్తయి చెయ్యి ఎత్తాడు.

"కాన్సల్‌లు, బేగంలు, పేపరు ఫోటోగ్రాఫర్లు అందరికీ పిలుపు. సాయంత్రం నాలుగింటికి సముద్ర విమానం నీళ్ళ మీద దిగే తమాషా చూపిస్తడట. అందరి ముందల దిగితే ఎవరికి అనుమానం? షాంపేన్ అని రాసిన పెట్టెలు దించుతరు. నలభై పెట్టెలు. ఆటోమేటిక్ రైఫిళ్ళు. కట్ట మీద రజాకార్ల క్యాంపుకు."

"ఏ చెరువు సార్?"

అమరేందర్ టేపు చుట్టాడు. "ఇబ్రహీంపట్నం."

అది మత్తయి ఊరు. ఆ కట్ట కిందే వాళ్ళ వాడ. చెల్లెలు మరియ అక్కడే ఉంది. ఆమె భర్త ఎల్లస్వామి సంఘం దళంలో చేరినప్పటి నుంచి క్యాంపు వాళ్ళు ఆ వాడ మీద కన్నేశారు. తుపాకులు చాలక ఆగారు, అంతే.

"నన్నేం చెయ్యమంటరు?"

"చూడు. రిపోర్ట్ చెయ్యి. ఆపుడు గీపుడు పైవాళ్ళు చూసుకుంటరు."

"మరి ఆ లైలా?"

"ఢిల్లీ వాళ్ళు మన మనిషే అంటరు. వాల్డెన్ తన మనిషే అంటడు. 'ఉప్పు సరిపోయిందా?' అని అడిగితే మన మనిషి. జవాబు, 'కరిగితేగానీ తెలియదు.' అడగకపోతే ఆమె ఇచ్చింది ఏదీ తాగకు."

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఇబ్రహీంపట్నం చెరువు గట్టున నగరం దిగింది. యాభై మోటారు కార్లు, రంగుల షామియానాలు, వట్టివేళ్ళ తడకలు, బ్యాండు. ఎండకు సోలిన దొరసానులు గొడుగుల కింద నవ్వుతున్నారు. తడకల మీద నీళ్ళు చల్లడానికి ఊళ్ళోంచి ఆడవాళ్ళను వెట్టికి పట్టుకొచ్చారు. చుట్టూ జాగీరు కాపలాదార్లు, లాఠీలు పట్టుకొని.

మత్తయి ఇప్పుడు గోవా నుంచి వచ్చిన జోసెఫ్. తలపాగా, అతికించిన మీసం, నల్ల కళ్ళద్దాలు. అతని ఐస్‌క్రీం మిషను మామూలు మిషను కాదు. పైన కర్ర బకెట్టు, మంచు, ఉప్పు, పాల డబ్బా అన్నీ ఉన్నాయి. అడుగున మాత్రం దొంగ అర, అందులో వైర్‌లెస్ సెట్. ఒక మీట నొక్కితే చేతి పిడి డైనమో తిప్పుతుంది. ఇయర్‌ఫోన్ తలపాగాలో. మోర్స్ కీ కాలి బొటనవేలి కింద. చిక్కల్లా ఒకటే. డైనమో తిరుగుతున్నంతసేపూ పాల డబ్బా తిరగదు. వార్త పంపితే ఐస్‌క్రీం గడ్డకట్టదు. ఏ మహానుభావుడు డిజైన్ చేశాడో!

మత్తయి బెజవాడ బేస్‌కు మొదటి మెసేజ్ కొట్టాడు. "విమానం నాలుగింటికి. పెట్టెలు నలభై. ఆపండి."

మూడు నిమిషాల తర్వాత జవాబు వచ్చింది. "సరిహద్దు దాటే అనుమతి లేదు. అబ్జర్వ్. కదలకు."

మళ్ళీ కొట్టాడు. "ఊరు కాలిపోతుంది."

"అబ్జర్వ్."

నీళ్ళ బిందె చంకన పెట్టుకొని ఒకామె తడకల దగ్గరికి వచ్చింది. మంచుగడ్డ చూసి ఆగింది. "రాయిల నుంచి పొగ లేస్తుందేంది?" అని వేలితో ముట్టి, ఉలిక్కిపడి, తలెత్తి అతని చేతులు చూసింది. ఎడమ చేతి మీద చిన్నప్పటి కొడవలి గాటు. మొహం పాలిపోయింది.

"అన్నా... నువ్వేనా?"

"ఇటు చూడకు మరియా. నీళ్ళు చల్లుకుంట మాట్లాడు."

"మూడేండ్లాయె. సచ్చినవనుకొని చర్చిల నీ పేరు మీద ప్రార్థన చేపిచ్చింది అమ్మ. నువ్వు ఈడ దొరసానులకు ఐసు తిప్పుతున్నవా? సిగ్గు లేదు?"

"తర్వాత తిట్టు. పిల్లల తీస్కొని ఇప్పుడే యాచారం పో."

"ఎందుకు?"

చెప్పకూడదు. శిక్షణలో మొదటి రూలు అదే. మత్తయి ఆ రూలు మీరాడు.

"నాలుగింటికి నీళ్ళ మీద ఇమానం దిగుతది. దాని నిండ తుపాకులు. కట్ట మీదున్నోళ్ళకు. పొద్దుగాల వరకు మన వాడ ఉండదు."

మరియ నీళ్ళు చల్లడం ఆపలేదు. "నేనొక్కదాన్ని ఉరికితె అయితదా? నూరిండ్లున్నయి. ముసలోళ్ళున్నరు. నువ్వు ఆపలేవా?"

"నాతోటి కాదు, చెల్లే. నా చేతులల్ల ఏం లేదు." సర్కారు సెట్ కాలి కింద ఉంది, చెవిలో బేస్ ఉంది, అయినా చెల్లెలికి ఇవ్వడానికి అతని దగ్గర ఒక్క భరోసా లేదు.

ఆమె చెరువు వైపు చూసింది. "నీళ్ళల్ల మనుషులుంటె?"

"దిగదు. దిగితె పల్టి కొడ్తది. కిందున్నోళ్ళు సస్తరు."

"సరె."

"ఏం సరె? మరియా!"

ఆమె అప్పటికే బిందె ఎత్తుకొని తూము వైపు నడిచింది. వెనక నుంచి పిలవడానికి లేదు. గోవా జోసెఫ్‌కు ఇబ్రహీంపట్నంలో చెల్లెలు ఎక్కడి నుంచి వస్తుంది?

"పది నిమిషాలుగా తిప్పుతున్నావు." ఇంగ్లీషు. మెత్తని గొంతు. లైలా ఫెర్నాండ్ మిషను మీదికి వంగి మూత ఎత్తింది. లోపల పాలు పాలలాగే ఉన్నాయి. "ఇంకా గడ్డకట్టలేదే, జోసెఫ్?"

"ఎండ ఎక్కువ, మేడమ్."

ఆమె అతన్ని చూసింది, మిషను కింద బొటనవేలిని చూసింది. కోడ్ వర్డ్ అడగలేదు. నవ్వి వెళ్ళిపోయి వాల్డెన్ పక్కన నిలబడింది. ఇక అయిపోయింది అనుకున్నాడు మత్తయి.

మూడూ యాభై. పడమటి దిక్కున ఇంజను మోత.

సరిగ్గా అప్పుడే తూము దగ్గర డప్పు మోగింది.

నగరం వాళ్ళకు తెలియదు గానీ, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పసిపిల్లలకు కూడా తెలిసిన డప్పు అది. ప్రతి ఏడూ వానలకు ముందు, గుత్తదారు వలలు ఎత్తేశాక, చెరువు తూములు చూసే నీరడి డప్పు కొట్టిస్తాడు. చేపల లూటీ! ఆ డప్పు మోగితే చెరువు అందరిదీ. కులం లేదు, దొర లేడు, చేతికందిన చేప ఎవరిది వాళ్ళదే. ఆ ఏడు లూటీకి ఇంకా నెల ఉంది. అయినా నీరడి నారయ్య తూము మీద నిలబడి చెయ్యి ఊపుతుంటే జానయ్య డప్పు పగిలేలా కొడుతున్నాడు. పక్కన మరియ, ఖాళీ చేతులతో.

గట్టు అవతలి నుంచి మొదట పది మంది వచ్చారు. తర్వాత వంద మంది. బుట్టలు, వలలు, పాత చీరలు, ఏది దొరికితే అది పట్టుకొని ఆడా మగా నీళ్ళలోకి ఉరికారు.

"ఆపండి వాళ్ళను!" వాల్డెన్ అరిచాడు.

ఎవరు ఆపుతారు? జాగీరు కాపలాదార్లు కూడా ఆ ఊళ్ళ వాళ్ళే. వాళ్ళలో బాలనర్సింహ అనేవాడు డప్పు వినగానే లాఠీ పారేసి ధోవతి ఎగ్గట్టాడు. "అరె, ఈయాల్నేనా? మస్తు కొర్రమీనులుంటయి రా!" అంటూ అందరికన్నా ముందు దూకాడు. మిగతా వాళ్ళు వాడి వెనకే. వాల్డెన్ ముఠా అన్నీ లెక్క వేసుకుంది, నీళ్ళ లోతు, గాలి వాలు, పెట్టెల బరువు. ఈ డప్పు మాత్రం వాళ్ళ మ్యాపులో లేదు.

మూడూ యాభై ఏడు. విమానం కట్ట మీదుగా కిందికి దిగింది. రెండు పడవల్లాంటి కాళ్ళు, వెండి రంగు పొట్ట. నీళ్ళ నిండా తలకాయలే. పైలట్ ఖాళీగా ఉన్న నడి చెరువు వైపు తిప్పాడు. అక్కడ లోతెక్కువ, జనం ఇంకా చేరలేదు.

ఒక్కతి చేరింది. మెడలోతు నీళ్ళలో, ఎవరి బుట్టో తలమీద బోర్లించుకొని, విమానానికి ఎదురుగా నిలబడింది. మరియ.

మత్తయి పిడి తిప్పుతూనే ఉన్నాడు. ఇంకేం చెయ్యగలడు? పరుగెత్తినా రెండు వందల గజాలు. అరిచినా ఇంజను మోతలో వినపడదు. "ప్రభువా, ప్రభువా," అంటున్నాడు పైకే. చెవిలో బేస్ అడుగుతోంది: "రిపోర్ట్. రిపోర్ట్."

వాల్డెన్ పిస్తోలు తీశాడు. లైలా అతని చేతి మీద చెయ్యి వేసింది. "ఇంతమంది కెమెరాల ముందా, కెప్టెన్?" అని, తిరిగి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. "బ్రావో! ఎంత చక్కటి జానపద తమాషా!" కాన్సల్‌లు కొట్టారు, బేగంలు కొట్టారు. ఫోటోగ్రాఫర్లు గట్టు మీదికి పరుగెత్తారు. పిస్తోలు జేబులోకి పోయింది.

విమానం నీళ్ళకు పది అడుగుల ఎత్తులోకి వచ్చింది. దాని నీడ మరియ మీద పడింది. ఆ ఆఖరి క్షణాన ముక్కు పైకి లేచింది. ఇంజను గీపెట్టింది. గాలికి మరియ తలమీది బుట్ట ఎగిరిపోయింది. విమానం కట్ట దాటి, ఒక చుట్టు తిరిగి, వచ్చిన దారినే చిన్నదై పోయింది.

మరియ మునిగింది. మత్తయి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు... తల పైకి తేలింది. అతను కళ్ళద్దాల కింద ఏడ్చాడు. చెమటనుకున్నారు అందరూ.

కాసేపటికి నారయ్యను వాల్డెన్ ముందుకు లాక్కొచ్చారు.

"డప్పు ఎవరు కొట్టమన్నరు?" జాగీరు మేనేజరు గద్దించాడు.

"నీళ్ళు తగ్గినయి. కొట్టిచ్చిన. గదే నా పని."

మేనేజరు చెంప పగలగొట్టాడు. ముసలాయన పెదవి చిట్లింది. మూడు గజాల దూరంలో మత్తయి గరిటె పట్టుకొని నిలబడ్డాడు. ఆ గరిటెతో ఆ మేనేజరును ఏం చెయ్యాలనిపించిందో చెప్పనక్కర్లేదు. ఏమీ చెయ్యలేదు. గడ్డకట్టని పాలే కప్పులో పోసి వాల్డెన్‌కు అందించాడు. వాల్డెన్ ఒక చెంచా నోట పెట్టుకొని తుపుక్కున ఉమ్మేశాడు. ఇందాక లైలా మూత ఎత్తినప్పుడు మంచులోని ఉప్పు నీళ్ళు పాలలోకి దిగాయి. దొరసానులు పకపకా నవ్వారు. ఆ నవ్వుల్లో నారయ్య సంగతి మరిచి, పొమ్మన్నారు. పెదవి తుడుచుకుంటూ ఆయన పోయాడు. రేపు ఆయన్ని ఏం చేస్తారో మత్తయికి తెలియదు. తెలిసినా ఉండి చూసే వీలు లేదు.

లారీలోకి మిషను ఎక్కిస్తుంటే నీలం చీర పక్కగా వెళ్ళింది.

"ఉప్పు సరిపోయిందా?"

మత్తయి మిషను తోస్తూనే జవాబిచ్చాడు. "కరిగితేగానీ తెలియదు."

"సంజీవ గ్లాసులో ఏముందో నాకు తెలియదు," అంది ఆమె మెల్లగా. కారెక్కి వాల్డెన్ పక్కన కూర్చుంది. నమ్మాలో వద్దో అతనికి ఈ రోజుకీ తేలలేదు.

లారీ కదిలింది. కట్ట మీద మరియ తడి బట్టలతో నిలబడి ఉంది, ఇద్దరు పిల్లలతో. చెయ్యి ఊపలేదు. అతనూ ఊపలేదు. ఆమె పిల్లలకు ఏదో చూపిస్తోంది. సామాను ఎత్తే సందడిలో మిషను దగ్గర తీసుకుపోయిన మంచుముక్క, అరచేతిలో సగం కరిగింది.

మిషను దగ్గర మోదుగాకుల్లో చుట్టిన పొట్లం దొరికింది. ఇంకా కొట్టుకుంటోంది కొర్రమీను.

లారీ వెనక భాగంలో ఒంటరిగా కూర్చొని మీట నొక్కి పిడి తిప్పాడు. "విమానం దిగలేదు. పెట్టెలు రాలేదు."

బేస్ ఉత్సాహపడింది. "శభాష్. ఆపరేషన్ ఎవరు నడిపారు? పేరు పంపు. ఫైల్‌లో నమోదు చేస్తాం."

ఆ ఫైలు ఎన్ని చేతులు మారుతుందో, ఏ చేతికి ముత్యాల గొలుసుంటుందో ఎవరికి తెలుసు! మరియ పేరు ఎక్కడా ఉండకూడదు. చెల్లెలికి తను చేయగలిగిందల్లా అదొక్కటే. బొటనవేలితో కొట్టాడు.

"చేపలు."

"అర్థం కాలేదు. రిపీట్."

"చేపలు."

"చేపలు కోడ్ వర్డా? మా పుస్తకంలో లేదు," అంది బేస్. ఆ వెంటనే ఇంకో మెసేజ్: "ఐస్‌క్రీం ఉప్పగా ఉందని నగరం నుంచి ఫిర్యాదు. నీ కవర్ ప్రమాదంలో ఉంది. పని నేర్చుకో."