సుందరమ్మ శుక్రవారాలు

బుధవారం పొద్దున్న కాఫీ గ్లాసు అందిస్తూ సుందరమ్మ వంగినప్పుడు, ఆమె చెవులు బోసిగా ఉన్న సంగతి సాలమోను మాస్టారి కంటబడింది. పెళ్ళినాటి కమ్మలు అవి. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో పురిటికి వెళ్ళినప్పుడు తప్ప ఆవిడ వాటిని తీసిన గుర్తు ఆయనకు లేదు.

"కమ్మలేవి?" అని అడిగారు.

"తీసేనండి. బరువుగా ఉంటున్నాయి," అనేసి ఆవిడ పెరట్లోకి వెళ్ళిపోయింది.

చింతగింజంత కమ్మలకి బరువేమిటి? మాస్టారు పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. పెరట్లో అంట్లు తోముతూ ఆవిడ ఏదో కూనిరాగం తీస్తోంది. తమ గుడిలో పాడే కీర్తన కాదది. చప్పట్లు కొట్టుకుంటూ పాడే పాట. ఆయన మనసులో ఏదో చురుక్కుమంది.

రాజోలు దగ్గర ఆ ఊళ్ళో మాస్టారిది నాలుగు తరాల లూథరన్ కుటుంబం. ముత్తాత పొలాల్లో కూలి చేశాడు. తాత మిషను బడిలో అక్షరం నేర్చుకున్నాడు. తండ్రి టీచరయ్యాడు. సాలమోను గారు హెడ్‌మాస్టరుగా రిటైరయ్యారు. ఇరవై ఏళ్ళుగా సంఘ పెద్ద కూడా. ఆయన దృష్టిలో ఆరాధనంటే క్రమం. నిలబడమన్నచోట నిలబడాలి, కూర్చోమన్నచోట కూర్చోవాలి, ప్రార్థన చేసేవారు ఒక్కరే చెయ్యాలి, మిగతావాళ్ళు తలలు వంచుకుని ఆమేననాలి. అందుకే పెంతెకొస్తు వాళ్ళంటే ఆయనకి పడదు. ఆ అరుపులు, ఆ డప్పులు, అర్థంకాని భాషలు, స్పృహ లేకుండా కిందపడిపోవడాలు చూస్తే, ఇంత చదువుకుని మళ్ళీ వెనక్కి పోతున్నామనిపించేది.

సాయంత్రం బెంజమిన్ గారు వచ్చారు. గుడి కమిటీ సెక్రటరీ. వీధి అరుగు మీద కూర్చుని, లోపలికి ఓసారి తొంగిచూసి గొంతు తగ్గించారు.

"మాస్టారూ, చెప్పొచ్చో చెప్పకూడదో నాకు తెలవట్లేదండి."

"చెప్పండి, ఫరవాలేదు."

"అమ్మగారు నెల్లాళ్ళబట్టి శుక్రవారం శుక్రవారం తాటిపాక రోడ్డులో ఆ రేకుల షెడ్డుకి వెళ్తున్నారంటండి. అదేనండి, విజయ్ కుమార్ అని కుర్ర పాస్టరు పెట్టింది. మా ఇంటావిడ బస్సులోంచి చూసేరు."

ప్రతి శుక్రవారం సుందరమ్మ తాటిపాకలో అక్కగారింటికని చెప్పి వెళ్తోంది. అక్కగారికి మోకాళ్ళ నెప్పులు, వంట చేసిపెట్టి వస్తానంది.

"ఆళ్ళ పద్ధతి మీకు తెలవంది కాదు," బెంజమిన్ గారు ఇంకా దగ్గరికి జరిగారు. "ముందు నగలు తీయించేస్తారు. తరవాత మందులు మాన్పించేస్తారు, దేవుడే చూసుకుంటాడని. ఆనక కాలవలో ముంచి మళ్ళీ బాప్తిస్మం ఇస్తారు. మనకి చిన్నప్పుడు ఇచ్చింది చెల్లదంట. అంటే మన తాతలూ తండ్రులూ ఉత్తినే పోయినట్టే గదండీ! ఆదివారం కమిటీలో ఈ మాట వస్తదండి. పెద్దగారి ఇంట్లోనే ఇలాగైతే..."

ఆయన వెళ్ళాక మాస్టారు చాలాసేపు అరుగు మీదే కూర్చున్నారు. నగలు, మందులు, కాలవ. మొదటిది అయిపోయింది.

మర్నాడు సుందరమ్మ పాలకేంద్రానికి వెళ్ళగానే ఆయన బీరువా తెరిచారు. కమ్మల డబ్బీ ఖాళీగా ఉంది. గూట్లో ఆవిడ షుగరు బిళ్ళల అట్ట కనిపించింది. రెండే చింపి ఉన్నాయి. మిగతావన్నీ అలాగే ఉన్నాయి, మీద సన్నగా దుమ్ము కూడా పట్టింది. రెండోదీ అయిపోయిందన్నమాట. ఇల్లు సోదా చేస్తున్నానన్న సిగ్గు ఒక్క క్షణం కలిగింది గానీ, కోపం దాన్ని మింగేసింది.

ఆ సాయంత్రం సుందరమ్మ పప్పులో పోపు పెడుతుంటే ఆయన వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"రేపు మీ అక్కగారింటికేనా?"

"ఆయ్."

"అక్కగారింట్లో డప్పులు ఎప్పట్నించి వాయిస్తున్నారు?"

గరిటె ఆగింది. ఆవిడ స్టవ్ కట్టేసింది. ఇటు తిరగలేదు.

"ముప్పై ఎనిమిదేళ్ళలో నాకు ఒక్క అబద్ధం చెప్పలేదు నువ్వు. ఆ పాస్టరు నేర్పాడా? కమ్మలు వాడికేనా ఇచ్చింది?"

"ఎవరికీ ఇవ్వలేదండి. అక్కడ ఎవరూ తియ్యమని కూడా అన్లేదు. అందరూ ఉత్త చెవులతో కూచుంటే నాకే ఎలాగో అనిపించి తీసేను."

"మరి బీరువాలో లేవేం?"

"జాయ్ సూట్‌కేసులో పెట్టేను."

ఆ పేరు వినగానే మాస్టారు చూపు తిప్పేసుకున్నారు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు జాయ్. మస్కట్‌లో నర్సుగా చేస్తూ మూడేళ్ళ కిందట మెదడు జ్వరంతో పోయింది. ఆమె సూట్‌కేసు ఇప్పటికీ మంచం కిందే ఉంది. ఆయన దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు.

"బిళ్ళలు ఎందుకు మానేశావు?" అన్నారు.

"మానలేదండి. డాక్టరు గారు మార్చేరు. కిందటి నెల్లోనే మీకు చెప్పేను. పేపరు చదువుకుంటా ఊ అన్నారు. కొత్తవి ఆ పంచదార డబ్బా పక్కన ఉన్నాయి. చూసుకోండి."

ఆయన నిజంగానే వెళ్ళి చూశారు. అట్ట ఉంది. ఆ రోజు పొద్దుటి బిళ్ళ కూడా చింపి ఉంది. తప్పు తనదని తేలేసరికి మనిషికి కోపం తగ్గాలి. ఆయనకి ఎక్కువైంది.

"సరే. ఇక్కడ లేనిది అక్కడేముంది? మన గుళ్ళో దేవుడు లేడా? ఆ పిచ్చి అరుపుల్లో ఏం దొరుకుతోంది నీకు?"

సుందరమ్మ గరిటె కడిగి పక్కన పెట్టింది.

"చెప్తే మీరు బాధపడతారండి," అంది చివరికి.

"రేపు నువ్వు వెళ్ళడానికి వీల్లేదు."

"వెళ్తానండి."

గట్టిగా కూడా అనలేదు. కానీ ఆవిడ తనకి ఎదురు చెప్పడం అదే మొదటిసారని ఆయనకి ఆ తర్వాత తట్టింది. కంచం ముందు కూర్చున్నా ముద్ద దిగలేదు. చెప్తే బాధపడతారట. అంటే ఇంకా ఏదో దాస్తోంది. ఏదో నూనె తలకి రాసి మనసు మార్చేశారా? కాలవలో ముంచడం కూడా అయిపోయిందా?

శుక్రవారం పదింటికి ఆవిడ గొడుగు తీసుకుని బయల్దేరింది. మాస్టారు అరగంట ఆగి స్కూటీ తీశారు. షెడ్డు ఒకప్పుడు కొబ్బరికాయలు వలిచే కొట్టు. ముందు ఇంకా పీచు గుట్టలున్నాయి. గుమ్మం ముందు చెప్పులు, లోపల్నించి రేకులు ఎగిరిపోయేంత గోల. చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేయడమే అనుకుంటూ ఆయన మెట్టెక్కారు.

గుమ్మంలో తెల్ల చొక్కా కుర్రాడు ఎదురొచ్చాడు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు.

"రండి మాస్టారూ, కూర్చోండి."

"కూర్చోవడానికి రాలేదు. మా ఆవిణ్ణి తీసుకెళ్ళడానికొచ్చాను."

"తీసుకెళ్ళండి. ఎడంపక్క గోడ దగ్గరుంటారు. ఇప్పుడు ప్రార్థనలో ఉన్నారండి, అయ్యేదాకా ఆగితే బాగుంటది."

"మళ్ళీ బాప్తిస్మం తీసుకోమన్నావా?"

విజయ్ కుమార్ తడుముకోలేదు. "అడిగేనండి. అబద్ధమెందుకు? చిన్నప్పుడే అయ్యింది బాబూ, అది చాలన్నారు. నేను నమ్మింది నేను చెప్పేను, ఆవిడ మాట ఆవిడ చెప్పేరు. మళ్ళీ అడగలేదు."

ఆ మాట మాస్టారు సగమే నమ్మారు. కుర్రాణ్ణి పక్కకి తప్పించి లోపలికి నడిచారు.

అరవై డెబ్భై మంది ఉంటారు. ఒక్కొక్కరు ఒక్కో ప్రార్థన, అందరూ ఒకేసారి, గొంతెత్తి. ఒకామె ఊగిపోతూ ఆయనకి తెలిసిన ఏ భాషా కాని మాటలు గబగబా అంటోంది. ఒక ముసలాయన నేలకి నుదురు ఆనించి ఏడుస్తున్నాడు. ఎవరూ ఎవర్నీ చూడ్డం లేదు. ఇందులోనా నా భార్య?

ఎడంపక్క తెల్లచీరల మధ్య వెతుకుతుంటే ఒక గొంతు వినిపించింది. పచ్చి పుండు మీద చెయ్యి పడ్డట్టు అరుస్తున్న గొంతు.

"ఒక్కసారి చూడనిస్తే ఏం పోయేది ప్రభువా! నా పిల్ల మొహం! తొమ్మిది నెలలు మోసినదాన్ని, పెట్టె దగ్గరికి కూడా పోనియ్యలేదే! జాయ్... నా తల్లీ... జాయ్!"

ఆ గొంతు ఎవరిదో ఆయన పోల్చుకోలేదు. పేరు విన్నాక తెలిసింది. సుందరమ్మ గోడకి ఆనుకుని, కొంగు జారిపోయి, రెండు చేతులతో నేల మీద కొడుతూ ఏడుస్తోంది.

మాస్టారు ఉన్నచోటే నిలబడిపోయారు.

మూడేళ్ళ కిందట మస్కట్ నించి జాయ్ శవపేటిక అంబులెన్సులో వచ్చిన రోజు. పోయి పదకొండు రోజులైంది, పెట్టె తెరవకపోతే మంచిదని కాగితంలో రాసుంది. మంచిదని మాత్రమే రాశారు, తెరవకూడదని కాదు. సుందరమ్మ ఆయన కాళ్ళ మీద పడింది, ఒక్కసారి చూస్తానని. ఊరంతా ఉంది, గుడి పాస్టరు అయ్యగారున్నారు, చుట్టుపక్కల సంఘాల పెద్దలున్నారు. ఆయన వంగి, ఆవిడ చెవిలో అన్నారు: "లే సుందరం. నలుగురూ చూస్తున్నారు. విశ్వాసులుగా మన సాక్ష్యం పోతుంది."

ఆవిడ లేచింది. కళ్ళు తుడుచుకుంది. సమాధి దగ్గర అందరితోపాటు కీర్తన కూడా పాడింది. మాస్టారి కుటుంబం విశ్వాసమంటే ఇదీ అని ఆ తర్వాత నెల్లాళ్ళు అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఆయనకి బాగానే ఉండేది. ఇంట్లో ఆయన జాయ్ పేరెత్తలేదు, కాబట్టి ఆవిడా ఎత్తలేదు. ఆవిడ తేరుకుందనే అనుకున్నారు.

చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాలని వచ్చిన మనిషి చప్పుడు చెయ్యకుండా వెనక్కి నడిచి, బయట పీచు గుట్ట పక్కన కూలబడ్డారు. విజయ్ కుమార్ గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

ఒంటిగంటకి సుందరమ్మ బయటికొచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. భర్తని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"మీరెప్పుడొచ్చేరు?"

"ఇందాకే. ఎండగా ఉంది, బండెక్కు."

కాలవగట్టు మీద కొంత దూరం వెళ్ళాక ఆయన బండి ఆపేశారు. కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు. అయినా రోడ్డు కనిపించలేదు.

"ఏటైందండీ? ఒంట్లో బాలేదా?" ఆవిడ గబుక్కున దిగింది.

"తప్పు చేశాను సుందరం. తెరవనివ్వాల్సింది. చూడనివ్వాల్సింది నిన్ను."

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

"నాకూ చూడాలనే ఉండేది," అన్నారాయన. "భయపడ్డాను. చూస్తే నేను నిలబడలేననుకున్నాను. నా పరువు కోసం నీ నోరు నొక్కేశాను."

హెడ్‌మాస్టరు సాలమోను గారు పట్టపగలు కాలవగట్టు మీద, పోయే ఆటోలు చూస్తుండగా, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చారు. ఆవిడ ఆయన వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. కాసేపటికి తనే నెమ్మదిగా అంది.

"మన గుడి నేను వదలనండి. అక్కడ జరిగేవన్నీ నాకూ బోధపడవు. ఆ భాషలూ అవీ నాకు రావు. కానీ అక్కడ ఎంత గట్టిగా ఏడ్చినా ఎవరూ తిరిగి చూడరండి. మన గుళ్ళో దగ్గినా చూస్తారు. నన్ను శుక్రవారం మట్టుకు వెళ్ళనివ్వండి."

"నేనే దింపుతాను," అన్నారాయన. తర్వాత కాస్త ఆగి, "ఇంటికెళ్ళాక ఆ సూట్‌కేసు తీద్దాం. నేనింతవరకు చూడలేదు," అన్నారు.

ఆదివారం ఆరాధన అయ్యాక గుడి వరండాలో కమిటీ కూర్చుంది. బెంజమిన్ గారు ఇబ్బందిగా మొదలుపెట్టారు.

"మాస్టారూ, ఆ విషయం ఏం చేసేరు? మాట్టాడేరా అమ్మగారితో?"

"మాట్లాడానండి. వెళ్తోంది. ఇక మీదట నేనే దిగబెడతాను."

లోపల పాట పుస్తకాలు సర్దుతున్న సుందరమ్మ చేతులు ఆగాయి.

"మీరే ఇలాగంటే ఎలాగండీ? రేపు ఆళ్ళలా ఊగుతా భాషలు మాట్టాడితే సంఘానికేం చెప్పుకుంటాం?"

మాస్టారు లేచి నిలబడ్డారు. ఆ బోధ ఆయనకి ఇప్పటికీ సమ్మతం కాదు. ఆ డప్పులు ఇప్పటికీ గిట్టవు. అవన్నీ చెప్పొచ్చు. కానీ చెప్పాల్సింది అది కాదనిపించింది.

"భాషలేం కాదు బెంజమిన్ గారూ. తెలుగులోనే ఏడుస్తోందండి మా ఆవిడ. మూడేళ్ళబట్టి నాకే అర్థం కాలేదు."

ఆయన లోపలికి వెళ్ళి, ఆవిడ చేతిలోంచి సగం పుస్తకాలు తీసుకుని, బల్ల మీద సర్దడం మొదలుపెట్టారు.