ఉబ్బెత్తు కన్ను

ఆత్మకూరు బస్టాండు వెనుక సెల్‌ఫోన్లు బాగుచేసే వెంకటన్న మంగళవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు మరణించాడు. చేతిలోని ఫోన్ పేలింది. బ్యాటరీ పేలి ఉంటుందని చూడవచ్చిన వాళ్లంతా అన్నారు; పంచనామాలోనూ అదే చేరింది. ఇందులో ఒక్కటే చిక్కు. ఆ బ్యాటరీ బల్ల కింద, కనీసం ఉబ్బకుండా, చెక్కుచెదరకుండా దొరికింది.

బుధవారం మధ్యాహ్నం నాగర్‌కర్నూల్‌లో, వ్యవసాయ పరికరాల గోదాము అని బోర్డున్న ఒక భవనంలో, ఆ బ్యాటరీ పాలిథీన్ సంచిలో ఏజెంట్ రంజిత్ ముందుకు వచ్చింది. రంజిత్ దగ్గర సర్వీస్ పిస్టల్ ఉంది. కానీ పదేళ్ల ఉద్యోగంలో అతను ఎక్కువగా వాడింది చొక్కా జేబులోని వర్నియర్ కాలిపర్స్. కొలవగలిగినదాన్ని నమ్మడం, కొలవలేనిదాన్ని వాయిదా వేయడం అతని అలవాటు.

అతను బ్యాటరీని కొలిచాడు. ఇంత పెద్ద ఫోన్‌లో ఇంత చిన్న బ్యాటరీ ఎందుకుందని అడిగాడు.

ఎదురుగా కూర్చున్న చీఫ్ కిష్టయ్య ఫోటో ఒకటి జరిపాడు. విస్టోరా అనే ఫోన్. వెనుక పైభాగంలో చిన్న మూకుడు బోర్లించినట్లు గుండ్రని కెమెరా ఉబ్బు. బల్ల మీద వెల్లకిలా పెడితే నిలకడగా ఉండదు, ఒక పక్కకు వాలుతుంది. బరువంతా తలలోనే. విత్తన పత్తి పొలాల్లో మొగ్గలకు చేత్తో పుప్పొడి రుద్ది క్రాసింగ్ చేసే నలభై ఒక్క మంది ఆడవాళ్లకు, పురుగు కనిపిస్తే ఫోటో తీసి పంపమని, ఒక సంస్థ వీటిని ఉచితంగా పంచింది. చార్జింగ్ పూట కూడా నిలవడం లేదని ఒకామె వెంకటన్నకు ఇచ్చి టీ తాగడానికి వెళ్లింది. వెంకటన్న ముందు బ్యాటరీ విప్పాడు. తర్వాత కెమెరా ఉబ్బు విప్పాడు.

ఆ సంస్థ వెనుక ఉన్నది మెరిడియన్ అని కిష్టయ్య చెప్పాడు. ఇతర దేశాల విత్తన పరిశోధనను నాశనం చేయడమే వృత్తిగా పెట్టుకున్న విదేశీ ముఠా. శనివారం పదకొండు గంటలకు ధరూర్ మండలంలో, కృష్ణ ఒడ్డున, కొత్త విత్తన పరీక్షా కేంద్రం ప్రారంభం. నీళ్లు లేకున్నా నిలిచే పత్తి రకాన్ని తయారుచేసిన పదకొండు మంది శాస్త్రవేత్తలు ముందు వరుసలో కూర్చుంటారు. బ్యానర్ విప్పుతున్నప్పుడు ఫోటోలు తీయడానికి, సరిగ్గా వాళ్ల కుర్చీల వెనుక, ఫోన్లు ఎత్తి పట్టుకుని ఆ ఆడవాళ్లు నిలబడతారు.

"ఫోన్లు ఇప్పుడే లాక్కుంటే?"

"మెరిడియన్ మాయమవుతుంది. ఇంకో ఊళ్లో, ఇంకో వస్తువుతో వస్తుంది. ఈసారి లోపల మన మనిషి ఉంది. నిరోష. రెండేళ్లుగా వాళ్ల ఉద్యోగం, మన ఆదేశాలు."

"రెండు వైపులా పనిచేసేవాళ్లు ఏ వైపు అబద్ధమాడుతున్నారో ఎలా తెలుస్తుంది?"

"నాకు ఇప్పటిదాకా తెలియలేదు," అన్నాడు కిష్టయ్య.

గురువారం వనపర్తిలో ఒక బేకరీ మేడ మీద రంజిత్ నిరోషను కలిశాడు. నెమలికంఠం రంగు గద్వాల చీర, తీర్చిన కనుబొమలు, ఎవరికైనా రెండోసారి చూడాలనిపించే ముఖం. చీర అంచు కలిపి నేసిందా, అతికిందా అని అతను అడగాలి. అడిగాడు.

"అతికిందే. అతుకు కనిపిస్తే చెప్పండి."

అదే కోడ్. ఆమె తొందరపడకుండా వివరించింది. నలభై ఒకటిలో పేలుడు మందు పెట్టినవి మూడే. ఒకటి ఆత్మకూరులో పోయింది. మిగతా రెండింటినీ వేడుకకు ముందే తాను తప్పిస్తుంది. అవి పేలడానికి రేడియో సిగ్నల్ కావాలి కనుక సిగ్నళ్లను అడ్డుకునే జామర్ తెచ్చుకుంటే ఆ భయం కూడా ఉండదు. మిగిలిన ఫోన్లు మామూలు ఫోన్లేనా అని రంజిత్ అడిగాడు. మామూలువి కావు, చాలా మంచివి అంది ఆమె. వన్-ఇంచ్ సెన్సర్ పట్టాలంటే ఆ మాత్రం ఉబ్బు తప్పదని నవ్వింది.

ఆ మాట నిజమే. కెమెరాలో వెలుతురును పట్టే సెన్సర్ పలక పెద్దదైతే లెన్స్ దానికి దూరంగా జరగాలి. ఆ దూరాన్ని ఏ ప్రకటనా తగ్గించలేదు. ఫోన్ పలుచగా ఉండాలని కొనేవాడు పట్టుబడితే, మిగిలిన మందమంతా ఒక్కచోట వీపు మీదికి ఉబుకుతుంది. దానికి చోటు వదలడానికి బ్యాటరీ కుదించుకుపోతుంది. మరో సంగతి, వన్-ఇంచ్ సెన్సర్‌లో అంగుళం ఎక్కడా ఉండదు. దాని కర్ణం పదహారు మిల్లీమీటర్లే. పేరులోనే ఇంత అతిశయోక్తి ఉన్న వస్తువు గురించి ఎవరు ఏమి చెప్పినా సరిచూసుకోవాలని రంజిత్ అనుకున్నాడు. అనుకున్నాడు కానీ, ఆ పూట సరిచూడలేదు.

శుక్రవారం అతను విత్తన కంపెనీ ఫీల్డ్ ఇన్‌స్పెక్టర్ వేషంలో, టోపీ, చేతిలో రిజిస్టరుతో ధరూర్ దగ్గరి పొలంలో దిగాడు. మధ్యాహ్నపు ఎండలో ఆడవాళ్లు రేపు విచ్చబోయే మొగ్గలను గోటితో గిల్లి, లోపలి పుప్పొడి భాగాన్ని తీసేస్తున్నారు. మర్నాడు ఉదయం మగ పువ్వు తెచ్చి వాటికి రుద్దుతారు. వాళ్లందరి మేస్త్రీ జమ్ములమ్మ. నలభై అయిదేళ్ల మనిషి. పదిహేనేళ్లుగా మొగ్గలు గిల్లి ఆమె బొటనవేలి గోరు కొమ్ములా గట్టిపడింది.

ఫోన్ ఎలా పనిచేస్తోందని అడిగితే ఆమె నడుముకు దోపుకున్న విస్టోరాను తీసి చూపించింది.

"ఏం జేస్తది సారు, బర్రె తల లెక్క బరువు. వంగితే జారి పడ్తది. పొద్దుగాల నాలుగు పాటలు వింటే పగటికల్లా సచ్చిపోతది."

"వాడొద్దనుకున్నారా?"

"ఇయి వద్దనుకున్నరు మావోళ్లు. నేనే గట్టిగ జెప్పి అందరితోని తీసుకోబెట్టిన. పురుగు మందు తక్వ కొట్టొచ్చంటిరి గదా."

మందున్నవని నిరోష ఇచ్చిన రెండు ఫోన్ల నంబర్లలో జమ్ములమ్మది లేదు. కాబట్టి రంజిత్ ఆమెతో, రేపటిదాకా ఫోన్ ఒంటి మీదే ఉంచుకోమనీ, వీలైతే రేపు ఉదయం క్రాసింగ్ చేస్తున్నప్పుడు ఒక పువ్వును దగ్గరగా ఫోటో తీసి తనకు చూపించమనీ చెప్పాడు. మేస్త్రీ ఎక్కడుంటే మిగతావాళ్లూ అక్కడే కనుక ఆ ఫోన్ ద్వారా అందరి జాడ తెలుస్తుందని, ఫోటోతో కెమెరా సంగతి సరిచూడవచ్చని అతని ఉద్దేశం. ఆ ఫోన్‌ను ఒంటి మీద ఉంచుకోమనడం తన వృత్తిలో అతను చేసిన అతి పెద్ద తప్పు.

శనివారం పది గంటల ఇరవై నిమిషాలు. పరీక్షా కేంద్రం ముందు షామియానా వేశారు. భవనం నుదుటిన చుట్టిపెట్టిన బ్యానర్, డాబా మీద దాని తాడు పట్టుకుని అలంకరణ కాంట్రాక్టరు మనిషి ఒకడు. జామర్ తోటలో ఆగిన వ్యానులో, తమ ఇయర్‌పీస్‌ల చానల్ ఒక్కటి వదిలి, పనిచేస్తోంది. నిరోష రెండు ఫోన్లు తప్పించి, వాటి స్థానంలో వేరేవి ఇచ్చి, బొటనవేలు ఎత్తి చూపింది. అంతా సవ్యంగా ఉంది.

పదీ ముప్పావు దాటాక జమ్ములమ్మ వచ్చి ఫోటో చూపించింది. పత్తి పువ్వు, పక్కన ఆమె బొటనవేలు. చాలా స్పష్టంగా వచ్చిందని ఆమె సంబరపడింది.

రంజిత్ ఆ ఫోటో చూశాడు. పువ్వు స్పష్టంగా ఉంది. గోటి మీది గీత స్పష్టంగా ఉంది. వెనుక సాలులో నిలబడ్డ ఆడవాళ్లు, వాళ్ల వెనుక గట్టు, గట్టు అవతల కరెంటు స్తంభం కూడా అంతే స్పష్టంగా ఉన్నాయి. పెద్ద సెన్సర్ అలా చూడలేదు. జానెడు దూరంలోని పువ్వు మీద దృష్టి నిలిపితే, వెనుకనున్నది మసకబారి తీరాలి. అది దాని బలం, దాని బలహీనత కూడా. ఇంత దూరం వరకు ఇంత నిశితంగా చూసిందంటే లోపల ఉన్నది చిన్న సెన్సర్. మినపగింజంత.

మరి మిగతా ఉబ్బులో ఏముంది?

నిరోష చెప్పని ఫోన్‌లోనూ ఇదే ఉందంటే, మందు పెట్టినవి మూడు కాదు. అన్నీ.

రెండో ఆలోచన మొదటిదాని వెంటే వచ్చింది. జామర్ తెమ్మన్నది నిరోష. అంటే జామర్ ఆపలేనిదే ఇక్కడ ఉంది. సిగ్నల్ అక్కర్లేదు, కెమెరాకు కళ్లున్నాయి. పదకొండు గంటలకు బ్యానర్ విప్పగానే దాని మీది ఏదో గుర్తును లెన్సులు ఏకకాలంలో చూస్తాయి. చూసిన కన్నే పేలుతుంది.

అతను నిరోష కోసం చూశాడు. ఆమె షామియానాలో లేదు. ప్రహరీ గోడ అవతలికి, నీళ్ల ట్యాంకు వెనుకకు, నెమలికంఠం రంగు చీర కొంగు మాయమవుతోంది.

డాబా మీద తాడు పట్టుకున్నవాడూ మెరిడియన్ మనిషే అయి ఉండాలి. డాబా మెట్లు భవనం వెనుక ఉన్నాయి, తలుపుకు లోపలి గడియ. కమాండోలు చప్పుడు కాకుండా ఎక్కడానికి పన్నెండు నిమిషాలు కావాలని ఇయర్‌పీస్‌లో సమాధానం వచ్చింది. అంతలో కింద ఒక్క కేక వినిపించినా, ఒక్క కుర్చీ ఖాళీ అయినా, తాడు పట్టుకున్నవాడు వెంటనే లాగుతాడు. సమయం పది యాభై ఒకటి.

రంజిత్ జమ్ములమ్మను నీళ్ల డ్రమ్ము పక్కకు పిలిచి, నాలుగు వాక్యాల్లో నిజం చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఫోన్‌ను డ్రమ్ము చాటున, కెమెరా నేలకు ఆనేలా పెట్టి, గేటు దాటి వెళ్లిపొమ్మన్నాడు.

ఆమె వరుసగా నిలబడ్డ తనవాళ్ల వైపు చూసింది.

"ముప్పైతొమ్మిది మందిని నేనే దోలుకొచ్చిన సారు. నేనెట్ల పోత?"

"అక్కా, లెన్సుకు ఏదైనా అడ్డం పడాలి. టేపు అంటిస్తే పైనున్నవాడు పసిగడతాడు."

"గాయనకు అనుమానం రాకుండ కన్ను మూయాలె. గంతే గదా?" ఆమె రిబ్బను కత్తిరించే బల్ల వైపు చూసింది. అక్కడ హారతి పళ్లెం, గిన్నెలో తడిపిన పసుపు ఉన్నాయి. "కొత్త సామానుకు బొట్టు వెడ్తే ఎవడన్న అడుగుతడా?"

రంజిత్ ఇంట్లో ఏ యంత్రానికీ బొట్టు ఉండదు. ప్రయోగశాలలో కొబ్బరికాయ కొట్టినవాడిని అతను ఒకసారి బయటకు పంపాడు. ఇప్పుడు గిన్నె స్వయంగా తెచ్చి ఆమె చేతికి ఇచ్చాడు.

జమ్ములమ్మ వరుస వెంట నడిచింది. మంచి రోజు, ఫోన్లకు బొట్టు పెడుతున్నానంది. గాజు మీద గట్టిగా, మందంగా, లెన్సులన్నీ మునిగేలా పూసి మధ్యలో కుంకుమ అద్దింది. నా ఫోన్ పెండ్లికూతురైందని ఎవరో నవ్వారు. ఫోటోలు రావని ఒకామె తుడవబోతే, హారతి అయ్యేదాకా తుడిస్తే అరిష్టమని గద్దించింది. డాబా మీదివాడు వంగి చూశాడు, ఆవలించాడు. బొట్టు పెట్టిన కొత్త వస్తువు ఈ ప్రాంతంలో ఎవరికీ వింత కాదు.

పదకొండుకు ఒక నిమిషం తక్కువ. మైకులో వ్యాఖ్యాత అందరినీ ఫోన్లు ఎత్తమన్నాడు.

రంజిత్ పక్క నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. పసుపు, పసుపు, పసుపు. రెండో వరుసలో చివరి నుంచి మూడోది నల్లగా మెరుస్తోంది.

ఆ ఫోన్ సుమనది. చర్చికి పోయే కుటుంబం. తాము ప్రార్థన చేసేవాళ్లమనీ, బొట్టు వద్దనీ ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. నిజం చెప్పి ఒప్పించే వీలు జమ్ములమ్మకు లేదు. అందుకే ఆమె సుమన పక్కనే, భుజానికి భుజం ఆనించి నిలబడి ఉంది. దేవుళ్లందరినీ ఒకే ఖాతాలో కొట్టివేసే మనిషి కావడం వల్ల, ఈ తేడా ఒకటి ఉంటుందని రంజిత్‌కు తట్టలేదు.

పైన తాడు కదిలింది.

అతను పరుగెత్తలేదు. మూడు అంగలు వేసి, శాస్త్రవేత్తల కుర్చీల వెనుక దూరి, ఆ లెన్సు ముందు తన ఛాతీ ఆనించి నిలబడ్డాడు. వెనుక బ్యానర్ జారిన చప్పుడు వినిపించింది. ఫోన్ అంచు అతని గుండె మీద గుచ్చుకుంటోంది. లోపల ఏదో సన్నగా, ఆగి ఆగి, టిక్కుమంటోంది. కెమెరా దృష్టి నిలపడానికి దేన్నో వెతుకుతోంది.

"జర పక్కకు జరుగు సారు," అంది సుమన. "ఏందిది గిట్ల మీద మీదికొస్తవు? నీ అంగీ ఫోటో తియ్యనీకె వచ్చిననా?"

"తియ్యమ్మా," అన్నాడు రంజిత్. "ఎన్నైనా తియ్యి."

జమ్ములమ్మ చెయ్యి వచ్చి లెన్సును మూసింది. అప్పటికి డాబా తలుపు విరిగింది. బ్యానర్‌నూ, దాన్ని విప్పినవాడినీ కమాండోలు వెనక్కి లాగేశారు. బ్యానర్ మీద పత్తి పువ్వు బొమ్మ, ఆ పువ్వు రేకుల్లో, లెన్సులు చూడాల్సిన గుర్తుగా, నలుపు తెలుపు గడులు. పదకొండు మంది శాస్త్రవేత్తలు చప్పట్లు కొట్టాలా వద్దా అని ఒకరినొకరు చూసుకున్నారు.

నీళ్ల ట్యాంకు వెనుక నిరోష చెవులు మూసుకుని కూర్చుని ఉంది. చేతులు దించమన్నప్పుడు ఆమె ముఖంలో మొదటిసారి అతుకు కనిపించింది. ఎలా తెలిసిందని అడిగింది. ఫోటో మరీ బాగా వచ్చిందని రంజిత్ చెప్పాడు.

సాయంత్రానికి నలభై ఫోన్లూ కెమెరాలు ఇసుకలో కూరుకునేలా ఇసుక పెట్టెల్లో పడుకున్నాయి. వాటిలో ముప్పైఎనిమిదింటిలో మందు ఉంది. నిరోష మార్చిన రెండే మామూలువి. సుమనకు నిజం చెప్పాక ఆమె చాలాసేపు నేల మీద కూర్చుండిపోయింది. జమ్ములమ్మ ఆమెకు నీళ్లు తాగించింది. 

సోమవారం రంజిత్ నివేదికలో, ప్రతిచర్యకు వాడిన పరికరం అన్న గడిలో, పసుపు అని రాశాడు. దీన్ని ఇలాగే ఢిల్లీకి పంపితే మన విభాగాన్ని దేవాదాయ శాఖలో కలిపేస్తారని కిష్టయ్య ఆందోళనపడ్డాడు. ఆ మాట కొట్టేసి, స్థానికంగా లభించే సేంద్రియ ఆప్టికల్ ఫిల్టర్ అని మార్చారు. నాలుగు రోజుల తర్వాత ఢిల్లీ నుంచి జవాబు వచ్చింది: మిషన్‌కు అభినందనలు; ఆ ఫిల్టర్‌ను కనిపెట్టిన శాస్త్రవేత్త పేరు, అర్హతలు, పేటెంటు నంబరుతో సహా వెంటనే తెలియజేయవలెను.