పదకొండింటికి స్మారక వనంలో

“ఆమె దగ్గర ఒక మెమరీ కార్డు ఉంటుంది. విదేశాల్లో ఉన్న మన ముప్పై ఇద్దరు ఏజెంట్ల పేర్లు అందులోనే ఉన్నాయి,” అన్నాడు చీఫ్, టీ కప్పు పక్కకు నెట్టి. “పదకొండింటికి స్మారక వనంలో, పడవల రేవు దగ్గర శత్రువుల మనిషికి అందించమని వాళ్ళు ఆమెకి చెప్పారు.”

“ఆమె మన డబుల్ ఏజెంట్ సార్. ఆరేళ్ళ క్రితం శత్రువుల ఏజెంట్‌గా ఉన్నదాన్ని నేనే ఒప్పించి మనవైపు తెచ్చాను. కార్డు ముందే తీసేసుకుంటే పోలా?”

“అప్పుడు అందుకునేవాడు జారిపోతాడు. ఇద్దరూ కలిశాకే వాణ్ణి పట్టుకో. కార్డు ముఖ్యం. మిగతాది తర్వాత.”

మిగతాది అంటే ఏమిటో ఏజెంట్ అడగలేదు.

పదిన్నరకల్లా అతను తోటమాలి ఖాకీ చొక్కాలో, రబ్బరు పైపుతో పూలమళ్ళు తడుపుతున్నాడు. ఎదురుగా దేశం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళ పేర్లు చెక్కిన నల్లరాతి గోడ. దాని వెనక సరస్సు. బడిపిల్లలు పడవల కోసం క్యూలో నిలబడి అల్లరి చేస్తున్నారు.

ఆమె వచ్చింది. ఎర్ర గౌను, నల్ల కళ్ళద్దాలు. దారినపోయేవాళ్ళు ఆగి మరీ చూస్తున్నారు.

“ఈ సరస్సు లోతెంతండీ?” అంది. అది కోడ్.

“ఈత వచ్చినవాళ్ళకి తక్కువేనండి.”

ఆమె గొంతు తగ్గించింది. “వాళ్ళకి నా మీద అనుమానం వచ్చింది. నన్ను వదిలెయ్యవు కదా?”

“నేనున్నాగా. నడువు.”

రేవు దగ్గర బూడిదరంగు కోటువాడు కార్డు అందుకుని ఫోన్‌లో పెట్టాడు. అప్‌లోడ్ మొదలైంది. ఏజెంట్ పైపు వదిలేసి పరుగెత్తాడు. అడుగుల చప్పుడు వినగానే కోటువాడు కుడిచేత్తో సైలెన్సర్ పిస్టల్ తీసి ఆమె గుండెకు ఆనించాడు. ఎడమచేతిలో ఫోన్. తొంభై ఏడు శాతం.

ఒక్క దెబ్బకే టైముంది. ఏజెంట్ వాడి ఎడమచేతి మీద కొట్టాడు.

ఫోన్ ఎగిరి సరస్సులో పడింది. ఎవరో తుమ్మినంత చప్పుడుతో పిస్టల్ పేలింది. రెండో దెబ్బకు కోటువాడు బోర్లా పడ్డాడు. సినిమా షూటింగ్ అనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆమె కుప్పకూలింది. కళ్ళద్దాలు జారిపోయాయి. కాసేపు అతనివైపే చూసింది. తర్వాత ఆ చూపులో ఏమీ లేదు.

అరగంటకు చీఫ్ ఫోన్ చేశాడు. “శభాష్. ముప్పై ఇద్దరూ బతికారు.”

“ఆమె పేరు ఇక్కడి గోడ మీద చెక్కిస్తారా సార్?”

“ఎలా కుదురుతుందయ్యా? మన రికార్డులో ఆమె శత్రువుల ఏజెంట్.”

“మరి వాళ్ళ రికార్డులో?”

“ఇవాళ పదకొండింటి నుంచి ద్రోహి.”

“ఓ గంట ముందు చచ్చిపోయి ఉంటే, వాళ్ళ గోడ మీదైనా చోటు దొరికేది సార్,” అని ఏజెంట్ ఫోన్ పెట్టేశాడు.